అడగాల్సిన ప్రశ్నే అడిగాను

అది 2023 ఎండాకాలం. అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డులు దాటుకుని లోపలి గల్లీల్లోకి నడిస్తే హాస్టళ్ల వరస మొదలవుతుంది. ఆ గల్లీల్లోనూ, అటు పంజాగుట్ట వైపు అపార్ట్‌మెంట్లలోనూ తలుపు తలుపూ తట్టి, ఎవరు ఏం పని చేస్తున్నారు, ఎంత సంపాదిస్తున్నారు, ఇల్లెలా గడుస్తోంది అని అడిగి రాసుకోవడం ఆ ఏడు నా డ్యూటీ. ప్రభుత్వ సర్వేలో నా ఉద్యోగం పేరు ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్. పేరు వింటే పోలీసు శాఖ అనుకుంటారు గానీ, భుజాన సంచి, చేతిలో ట్యాబ్, మెడలో ఐడీ కార్డు చూసి వాటర్ ప్యూరిఫయర్ అమ్మొచ్చాననుకుని మొహం మీదే తలుపేసేవాళ్లు ఎక్కువ.

మా పనిలో ప్రోబ్ అనే మాట ఒకటుంది. మొదట చెప్పిన జవాబుతో ఊరుకోకుండా, మనసు నొప్పించకుండా ఇంకాస్త తవ్వి అడగడం. ఆడవాళ్ల దగ్గర ఇది మరీ అవసరం. "మీరేం చేస్తారమ్మా" అంటే "ఏం చేస్తాం, ఇంట్లోనే ఉంటాం" అంటారు. పక్కనే హుక్కులు కుట్టాల్సిన జాకెట్ల గుట్ట ఉంటుంది. దాన్ని చూపించి అడిగితే అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. బోరబండలో ఒకావిడకు, అది కూడా పనే, గడచిన వారంలో ఒక్క గంట చేసినా లెక్కలోకి వస్తుంది అని చెబితే, "గిది సుత పనేనా అక్కా? గీ ముచ్చట మా ఆయనకు జర చెప్పు" అని పడీపడీ నవ్వింది.

ఈ ప్రోబ్ చేయడంలో నాకు పేరుంది. నిజం చెప్పొద్దూ, గర్వం కూడా ఉండేది. మా సూపర్‌వైజర్ శ్రీకాంత్ నాకంటే చాలా చిన్నవాడు. నోరు విప్పని ఇల్లు తగిలిందంటే, "విజయక్కకు ఇయ్యుండ్రి, గోడనైనా మాట్లాడిస్తది" అనేవాడు. ఆ మాటకు పొంగిపోయి మండుటెండలో బయల్దేరేదాన్ని. లెక్కల్లో కనిపించని ఆడవాళ్ల కష్టాన్నంతా నేనొక్కదాన్నే బయటికి లాగుతున్నట్టు ఫీలయ్యేదాన్ని.

ఆ రోజు మధ్యాహ్నానికి నా నాలుక పిడచకట్టుకుపోయింది. ఒక లేడీస్ హాస్టల్ వెనక గోడ నీడలో నిలబడ్డాను. అక్కడే వంటిల్లు. లోపల ఒకావిడ పెద్ద దేగ్సాలో అన్నం గంజి వారుస్తోంది. నలభై దాటి ఉంటాయి. మొహమంతా ఆవిరి, కొంగు నడుముకి బిగించి ఉంది. నన్ను చూసి, నేను అడక్కముందే కుండలో నీళ్లు ముంచి గ్లాసు కిటికీలోంచి అందించింది. "ఎండన పడి తిరుగుతున్నారు, తాగండి" అంది. మాట తీరు గోదావరి వైపుది. దణ్ణం పెట్టి వచ్చేశాను.

తరువాతి ఇల్లు ఆ పక్క గల్లీలో, పాత అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు. తలుపు తీసినావిడ పేరు శారద గారు. డెబ్బై ఏళ్లుంటాయి. భర్త పోయాక, భీమవరం దగ్గర ఊరినుంచి కొడుకు దగ్గరికి వచ్చేశారట. నన్ను కూర్చోబెట్టి, ఫ్యాన్ వేసి, మజ్జిగ ఇచ్చి, నా పిల్లల గురించి అడిగి ఆ తరువాతే నా ప్రశ్నలు మొదలుపెట్టనిచ్చారు. కొడుకు ప్రసాద్ ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ మేనేజరు. కోడలు లలిత ఇంట్లోనే ఉంటుంది, పొద్దుట్నించి మధ్యాహ్నం దాకా, మళ్లీ సాయంత్రం మాత్రం గుళ్లో సేవకు వెళ్తుంది. మనవరాలు ఇంజినీరింగ్ చదువుతోంది. "మా అబ్బాయి రమ్మని గోల పెడితే వచ్చానమ్మా. లేకపోతే ఒకళ్లకి బరువవడం నాకిష్టం లేదు" అన్నారావిడ. ఆవిడ మజ్జిగ రెండోసారి పోస్తుండగా ట్యాబ్‌లో ఆవిడ పేరున్న వరసలో నేనే నొక్కేశాను, వయసు మళ్లినవారు, పని చేయలేరు అని. అడగాలని కూడా తోచలేదు.

ఒకరి తరఫున ఇంకొకరు చెప్పే జవాబును మేం ప్రాక్సీ అంటాం. వీలైనంతవరకు అది వద్దని, మనిషినే అడగమని మా ట్రైనింగులో చెబుతారు. కొడుకు వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నాడని ఆవిడ చెప్పడంతో, పిలవమన్నాను. లోపలి గదిలోంచి ప్రసాద్ గారు వచ్చారు. పైన ఇస్త్రీ చేసిన చొక్కా, టై. కింద లుంగీ. మీటింగ్ మధ్యలో ఉన్నాను, తొందరగా కానివ్వండి అన్నారు. మా ప్రశ్నల్లో గడచిన ఏడు రోజుల్లో ఏ రోజు ఎన్ని గంటలు పనిచేశారో రోజువారీగా అడగాలి. సోమవారం ఎనిమిది, మంగళవారం ఎనిమిది, బుధవారం ఎనిమిది అని గడగడా చెప్పేశారు. నిజంగా పనిచేసేవాళ్లు అలా చెప్పరు. తల గోక్కుంటారు, మంగళవారం లేటయిందండీ అంటారు. ఇక్కడేదో ఉందని నాకు అప్పుడే అర్థమైంది. తల్లి మాత్రం కొడుకు వంక మురిపెంగా చూస్తూ, "రోజంతా ఆ మీటింగులే. అన్నానికి కూడా లేవడు" అన్నారు.

సరిగ్గా అప్పుడు కోడలు వచ్చింది. కూరగాయల సంచితో గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి నేను గుర్తుపట్టాను. నాకు నీళ్లిచ్చినావిడే. తనూ నన్ను గుర్తుపట్టింది. నా మొహంలోకి ఒక్కసారి చూసి తల అడ్డంగా ఊపీ ఊపనట్టు ఊపింది. దాన్ని నేను మొహమాటం అనుకున్నాను. నా ఖర్మ కాకపోతే ఇన్నేళ్లు మనుషుల మొహాలు చదివి బతికినదాన్ని, ఆ ఒక్క చూపు చదవలేకపోయాను.

"మీరేం చేస్తారమ్మా" అన్నాను. ఇంట్లోనే అంది. "ఎవరికైనా వండిపెట్టడం, కుట్టడం లాంటిదేమైనా?" అన్నాను. లేదంది. అక్కడితో ఆగాలి. ప్రశ్న అడిగాను, జవాబు వచ్చింది. ఆగలేదు. నాకు ఆవిడ మీద ప్రేమే పుట్టుకొచ్చింది, అదీ నా ఖర్మ.

"ఇందాక హాస్టల్ వంటింట్లో మిమ్మల్నే కదమ్మా చూశాను? అది ఉద్యోగమే. అందులో దాచుకోవాల్సిందేం లేదు" అన్నాను, నవ్వుతూ. ఆవిడకేదో శాలువా కప్పుతున్నట్టు.

శారద గారు కోడల్ని, "ఏ హాస్టలు లలితా?" అని అడిగారు. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక. లలిత గారు సంచి కింద పెట్టి దాని వంకే చూస్తూ ఉండిపోయారు. ప్రసాద్ గారు టై ముడి వదులు చేసుకున్నారు. "కంపెనీ మూసేశారమ్మా. దసరా నుంచీ లేదు" అన్నారు. దసరా నుంచి ఎండాకాలం దాకా ఆ మనిషి ఆ గదిలో టై కట్టుకుని కూర్చున్నాడన్నమాట. ఆ ఇల్లు నడిచింది గుడి సేవ మీద. ఆ గుడి అంటే పక్క గల్లీలో హాస్టల్ వంటిల్లే.

శారద గారు కొడుకునీ ఏమీ అనలేదు, కోడల్నీ ఏమీ అనలేదు. నావైపు తిరిగి, "ఇంకా ఏమన్నా అడగాలా అమ్మా?" అన్నారు మర్యాదగా. నాకు అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఇంకా అడగాల్సినవి ఉన్నాయన్నాను. అన్నీ నింపకపోతే ట్యాబ్ ఆ ఇంటిని తీసుకోదు. పాలకెంత, మందులకెంత, కరెంటుకెంత అని ఆ ముగ్గురి మధ్య కూర్చుని చివరిదాకా అడిగాను. వాళ్లు చివరిదాకా చెప్పారు. మందుల దగ్గర శారద గారి గొంతు బాగా తగ్గిపోయింది.

లలిత గారు మెట్ల దాకా వచ్చారు. తిడతారేమో అనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. "మీరు తప్పు చేశారనడం లేదండీ. ఆయనకు ఏదో ఒకటి దొరికేదాకా అత్తయ్యకి తెలియకూడదనే ఈ తిప్పలన్నీ. తెలిస్తే ఆవిడ ఇక్కడ ముద్ద మింగరు. ఆయన ఆవిడ మొహం చూడలేరు" అని చెప్పి పైకి వెళ్లిపోయారు.

ఇంతకంటే ఘోరం మాసబ్ ట్యాంక్ ఆఫీసులో మా మీటింగ్ రోజున జరిగింది. శ్రీకాంత్ ఆ ఇంటి జవాబులు తెరిచి చూసి మురిసిపోయాడు. "మస్తు పట్టినవ్ అక్కా. ఒక్కింట్ల రెండు తప్పులు సాఫ్ చేసినవ్" అని, కొత్తగా చేరినవాళ్లకు ప్రోబ్ అంటే ఇది అని ఆ కేసునే చెప్పాడు. వాళ్లు చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడి దణ్ణం పెట్టాను. ఏం మొహం పెట్టుకుని పెట్టానో నాకే తెలియదు. లెక్క ప్రకారం నేను రాసింది అక్షరాలా నిజం, అదే కదా నా బాధ.

మా సర్వేలో ఒకసారి ఎంపికైన ఇంటిని మూడు నెలలకోసారి మళ్లీ అడుగుతారు. దాన్ని రీవిజిట్ అంటాం. ఆ ఇల్లు వేరేవాళ్లకు ఇమ్మని శ్రీకాంత్‌ని బతిమాలాను. నిన్నెరిగిన ఇల్లు కదక్కా, ఇంకెందుకు ఫికర్ అని కొట్టిపారేశాడు. వానాకాలంలో మళ్లీ ఆ మెట్లెక్కాను. తలుపు కొట్టే ముందు, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయి ఉంటే బాగుండునని కోరుకున్నాను.

శారద గారే తీశారు. చిక్కిపోయారు గానీ నీరసంగా లేరు. లలిత గారు పనిలో ఉన్నారు. కొడుకు గది తలుపు దగ్గరగా వేసి ఉంది. నేను ట్యాబ్ తెరవగానే, "ముందు నాది రాయండమ్మా. కిందటిసారి మీరు నన్ను అడగలేదు" అన్నారు. కోడలితో పాటు తనూ హాస్టలుకు వెళ్తున్నారట. కూర్చుని కూరగాయలు తరుగుతారు, బియ్యం ఏరుతారు. ఎవరెంత చెప్పినా ఆగలేదట. ఏ రోజు ఎంతసేపో తల గోక్కుంటూ, గుర్తు తెచ్చుకుంటూ చెప్పారు.

"బాధేసిందా అమ్మా?" అని అడిగాను. అది ట్యాబ్‌లో లేని ప్రశ్న.

"కోడలు వంటకు వెళ్తోందంటే నాకేం సిగ్గేయలేదమ్మా. కన్నతల్లి ముందు వాడు రోజూ వేషం కట్టాల్సొచ్చింది చూడండి, అందుకు సిగ్గేసింది. నేనెలాంటి తల్లిననుకున్నాడో" అన్నారు. నేను తల దించుకున్నాను.

తరువాతి వరస ప్రసాద్ గారిది. శారద గారు కుర్చీ నా పక్కకు లాక్కుని గొంతు తగ్గించారు. "వాడు పనిలో ఉన్నాడని రాయండమ్మా" అన్నారు. అలా రాయకూడదండీ అన్నాను. "రాయకపోతే పోనీ, పైకి అనైనా అనండి. వాడు గదిలోంచి వింటూనే ఉంటాడు. పరాయివాళ్ల ముందు వాడు ఇంకోసారి ఉద్యోగం లేదనిపించుకోకూడదు" అన్నారు. ఇన్నేళ్లలో నేను ఒక్క జవాబు కూడా మార్చలేదు. కానీ కిందటిసారి చేసిన పాపానికి ఇది విరుగుడు అనుకున్నాను. గొంతు పెంచి, గదికి వినపడేలా, "ప్రసాద్ గారు, పని చేస్తున్నారు" అన్నాను. వేలు మాత్రం ట్యాబ్ మీద ఆగిపోయింది.

గది తలుపు తెరుచుకుంది. ప్రసాద్ గారికి గడ్డం పెరిగింది. బనియను, లుంగీ. టై లేదు, చొక్కా లేదు. తల్లి వైపు చూడకుండా నన్నే చూస్తూ అన్నారు.

"వెతుక్కుంటున్నానని రాయండి మేడమ్. అది నేను చెప్పాలి కదా. నన్నెవరూ చెప్పనివ్వడం లేదు."

అలాగేనండీ అన్నాను. ఆయన వచ్చి తల్లి పక్కన కూర్చున్నారు. ఏ కంపెనీలకు తిరిగారో, ఈ వయసులో వద్దని ఎవరెవరన్నారో, ఇప్పుడు డెలివరీ పనికి కూడా అడుగుతున్నానని, ఒక్కొక్కటీ ఆయనే చెప్పారు. ఎక్కడా గడగడా చెప్పలేదు. శారద గారు కొడుకు మోకాలి మీద చెయ్యి వేసుకుని అన్నీ విన్నారు. ఆ ఇంట్లో ఆ సంగతులు అంత నిదానంగా ఎవరైనా మాట్లాడుకోవడం అదే మొదటిసారేమో అనిపించింది.

ఇప్పుడు కొత్తవాళ్లకు ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు ఈ కేసు నేనే చెబుతాను, శ్రీకాంత్ చెప్పినట్టు కాదు. ఇంట్లో ఎవరెవరు వింటున్నారో ముందు చూసుకోమంటాను. ఎవరి సంగతి వాళ్లనే, విడిగా, వాళ్లకు వీలైన చోట అడగమంటాను. అలా అడిగితే టైం పడుతుంది కదా మేడమ్ అంటారు. పడుతుంది. ఒకసారి ప్రసాద్ గారు దాచుకున్నది నేను బయటపెట్టాను, ఇంకోసారి ఆయన చెప్పుకోబోయేది నేను కప్పెట్టబోయాను. రెండుసార్లూ మేలే చేస్తున్నాననుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.