చింతపండుతో కడిగిన రూపాయి

మా కొత్తకోట సంతకు పన్నెండేళ్ళుగా నెయ్యి, ఉన్ని మోసుకొచ్చిన గొర్లవ్వ పోయిన నెల చనిపోయింది. ఆమె ఊరి నుంచి గొంగళ్ళు అమ్మడానికి వచ్చే ఆయన మా గడప ముందు ఆగి, "అమ్మా, గొర్లవ్వ పాయె. తెల్లారంగనే పాయె. గీ ఇంట్ల తప్పకుంట చెప్పుమన్నరు" అన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. చుట్టాలకు పంపినట్టు మా ఇంటికి కబురెందుకు పంపారో నాకు ఆ క్షణంలో అర్థం కాలేదు.

ఈ పత్రిక చదివే అక్కచెల్లెళ్ళలో కొందరికి నేను తెలుసు. పాత నాణేలు ఎలా దాచుకోవాలి, దొంగ నాణేలను ఎలా గుర్తుపట్టాలి అని ఇందులోనే రెండుసార్లు రాశాను. మెరిసే పాత నాణేన్ని నమ్మకండి, మట్టి అంటి ఉన్నదే కొనండి, గడపలోకి తెచ్చి అమ్మేవాళ్ళ దగ్గర అసలు కొనకండి అని గట్టిగా చెప్పాను. ఆ సలహా మంచిదని ఉత్తరాలు కూడా వచ్చాయి. ఆ సలహా వల్ల నేను ఏం చేశానో ఆ రెండు వ్యాసాల్లోనూ రాయలేదు. ఈరోజు రాస్తున్నాను.

నిజాం నాణెం హాలీ సిక్కా చెలామణి పోయి, అణాల స్థానంలో కొత్త పైసలు వచ్చిన రోజుల్లో నాకీ అలవాటు మొదలైంది. మా ఆయన సర్కారు కచేరీలో గుమాస్తా. ఇంటి ఖర్చు రాసుకునే పని నాది. చార్మినారు బొమ్మ ఉన్న రూపాయి, అర్ధ రూపాయి, పావలా ఇక కనిపించవని తెలిసి ఒక్కొక్కటి తీసి వక్కల పెట్టెలో ఎర్రగుడ్డ పరిచి పెట్టాను. ఏది ఎక్కడ దొరికిందో, ఎవరిచ్చారో ఒక నోటుపుస్తకంలో రాసేదాన్ని.

ఒక సంత రోజున ఆ పెట్టె ఎండలో పెట్టి కూర్చున్నాను. నెయ్యి అమ్మడానికి వచ్చిన ముసలమ్మ, ఈ గొర్లవ్వే, తొంగిచూసి పకపకా నవ్వింది.

"నీ మొగుడేమో సర్కారు పైసలు లెక్కబెట్టె. నువ్వేమో సచ్చిన రాజుల పైసలు లెక్కబెడ్తివి. ఇగ బతికినోల్ల పైసలు ఎవ్వరు లెక్కబెట్టాలె బిడ్డా?"

ఆ రోజు నుంచి నన్ను సిక్కాలమ్మ అనే పిలిచింది. ఆమెకు అరవై, డెబ్భై గొర్రెలు ఉండేవి. ఎన్ని అని అడిగితే చెప్పేది కాదు, లెక్కపెడితే తగ్గుతాయట. మరి ఒకటి తప్పిపోతే ఎలా తెలుస్తుందని అడిగాను.

"మొఖాలు తెల్వవా ఏంది? సాయంత్రం నీ పిల్లలను ఒకటి రెండు అని లెక్కబెట్టి పండుకోబెడ్తవా?"

వాళ్ళ ఊరి పక్కన పాటిగడ్డ ఉంది. ఎప్పుడో ఊరుండి పాడుపడిన దిబ్బ అది. పెద్ద వాన పడిన మర్నాడు అక్కడ పెంకులు, పూసలు, ఎప్పుడైనా ఒక నాణెం పైకి తేలేవి. గొర్రెలు మేస్తుంటే ఆమె కళ్ళు నేల మీద ఉండేవి. నా పెట్టె చూసిన రెండు నెలలకు మొదటి రూపాయి తెచ్చింది. బొమ్మ లేదు, రెండు వైపులా పారసీ అక్షరాలే. కొంగు ముడి విప్పి నేరుగా పెట్టెలో వేసింది. తడిమట్టి ఎర్రగుడ్డకు అంటుకుంది.

"అవ్వా, గిదేంది, మట్టితోనే తెస్తివి! జర కడిగి తేవొద్దా?" అన్నాను.

ఆమె చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. "తప్పయింది బిడ్డా. లచ్చిమిని మట్టితోని చేతుల పెడ్తరా ఎవరన్న? ఇంకోసారి కడిగే తెస్త" అంది.

ధర అడిగితే ఎప్పుడూ ఒకే మాట: "పాత రూపాయికి కొత్త రూపాయి. గంతకన్న ఎక్కువ తీస్కుంటె గది యాపారమైతది." అందులో వెండి ఒక్కటే రెండు రూపాయల పైన చేస్తుందని నాకు తెలుసు. హైదరాబాదు కొట్లలో అలాంటిది పన్నెండు రూపాయలని కూడా తెలుసు. అయినా రూపాయిన్నర చేతిలో పెట్టి, ఎంతో దయ చూపినట్టు పొంగిపోయేదాన్ని. అలా ఐదేళ్ళలో ఏడు నాణేలు ఇచ్చింది. మొదటిది తప్ప అన్నీ వాగు నీళ్ళతో కడిగి, కొంగుతో తుడిచి తెచ్చినవే.

తరువాత నేను మోసపోయాను. బస్సు దిగి, తోలుసంచి పట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి ఒకడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఒక పెద్దింటి వాళ్ళు ఇబ్బందుల్లో ఉండి అమ్ముకుంటున్నారని చెప్పి, గోలకొండ కాలం నాణెం అంటూ మిలమిల మెరిసేది చూపించాడు. చీరకని దాచుకున్న ముప్పై రూపాయలు ఇచ్చేశాను. మూడోరోజు మా వీధిలో నగలు చేసే అవుసులాయనకు గర్వంగా చూపించాను. ఆయన దాన్ని రాతి మీద జారవిడిచాడు.

"అమ్మా, గిది మోగుతలేదు. అంచు సూడున్రి, కుట్టున్నది."

"కుట్టేంది?"

"రెండు అచ్చు పెంకుల నడుమ కరిగిచ్చి పోసిండ్రు. పోసిన బిళ్లకు అంచు పొంట గీత ఉంటది. సమ్మెట దెబ్బ తిన్న అసలు బిళ్లకు ఉండది. ఎంతకు తీస్కున్నరు?"

"ఐదు రూపాయలకు" అన్నాను. ఇంటికొచ్చి ఖర్చుల పుస్తకంలో ఆ ముప్పై రూపాయలను పిల్లల బట్టల కింద రాశాను.

దొంగ నాణెం ఒకటి పెట్టెలోకి వస్తే అది ఒక్కటే దొంగది కాదు, మిగిలినవి కూడా దొంగచూపులు చూడడం మొదలుపెడతాయి. రాత్రికి రాత్రే నోటుపుస్తకం వెనక అట్ట మీద నియమాలు రాసుకున్నాను. మెరిసేది కొనకూడదు. మట్టి అంటి ఉండాలి. ఎక్కువ ధర అడిగే కొత్తవాళ్ళను రానివ్వకూడదు. రసీదు లేకుండా తీసుకోకూడదు. ఆ తరువాత మా ఆయన పట్నం వెళ్ళినప్పుడల్లా అక్కడి కొట్టు నుంచి తెప్పించుకునేదాన్ని. నాణెం చేతికి రాగానే అక్షరాలు చూడడం మానేసి ముందు రసీదు మీద ముద్ర చూసేదాన్ని. ఇంతకు ముందు నచ్చి కొనేదాన్ని, ఇప్పుడు భయం లేకపోతే చాలని కొనేదాన్ని. పెట్టె నిండింది కానీ దాన్ని ఎండలో పెట్టుకుని కూర్చునే సరదా పోయింది.

ఆ నియమాలు గొర్లవ్వకు చెప్పలేదు. కడిగి తెమ్మని చెప్పిన నోటితో, ఇక కడగొద్దని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

సంత కాని రోజున, ముసురు పట్టిన మధ్యాహ్నం ఆమె వచ్చింది. నేనూ పక్కింటి వదినా వసారాలో బియ్యం ఏరుతున్నాం. ఆమె కాళ్ళు మోకాళ్ళ దాకా బురద. గడప బయటే నిలబడి చిన్న నేతి ముంత పక్కన పెట్టి, కొంగు ముడి విప్పి నా చేతిలో పెట్టింది. రూపాయి. తెల్లగా, అప్పుడే చేసినట్టు మెరుస్తోంది.

"సిక్కాలమ్మా, ఈసారి పది రూపాయలియ్యి బిడ్డా. మనుమరాలికి జరం దిగుతలేదు. మహబూబ్‌నగర్ దవాఖానకు తీస్కపోవాలె."

వదిన నవ్వింది. "ఇగో, ఇంకొకటి మెరుసుకుంట వచ్చె! ముప్పై రూపాయలది ఉండనే ఉండె గద వదినా!"

ముప్పై అన్న మాట వదినకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. నా ముఖం మండిపోయింది. ఆ మంట ఎవరి మీద పడాలో వాళ్ళ మీద పడలేదు.

"ఎవరు పోసిచ్చిండ్రు అవ్వా గిది?" అన్నాను.

"పోసుడేంది బిడ్డా? పాటిగడ్డ మీద దొరికింది. నల్లగ బొగ్గోలె ఉండె. నీళ్ళకు పోలే, చింతపండు పెట్టి తోమిన."

"రూపాయికి రూపాయి అన్నదానివి, ఇయ్యాల పది అంటున్నవు. ఎవడో తోలుసంచోడు నేర్పి తోలిండు నిన్ను."

ఆమెకు అప్పటికి గానీ నా మాట అర్థం కాలేదు. తరువాత నెమ్మదిగా అంది: "బిళ్ల సంగతి ఇడ్సిపెట్టు బిడ్డా. ఒక్కపారి నా మొఖం జూడు."

నేను చూడలేదు. నాణెమే చూశాను. అంచు తిప్పి చూడాలని కూడా తోచలేదు, మెరుపు చూసే తీర్పు చెప్పేశాను. వద్దని తిరిగి ఆమె చేతిలో పెట్టాను.

"సరే. నీకు వద్దంటె బలిమి ఏమున్నది" అని ముడి వేసుకుంది. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చింది. అడుగుతుందనుకున్నాను. నేతి ముంత గడప లోపలికి జరిపి, "పిల్లల కోసం తెచ్చిన. పైసలొద్దు" అని వానలోకి వెళ్ళిపోయింది.

ఆ శుక్రవారం పొద్దున దీపపు కుందులు తోముతున్నాను. నానబెట్టిన చింతపండు పిసికి రుద్దుతుంటే, నల్లగా ఉన్న వెండి కుంది నా వేళ్ళ కింద తెల్లబడుతోంది. పెళ్ళయిన నాటి నుంచి వారం వారం చేస్తున్న పని. చింతపండు వెండిని ఎంత మెరిపిస్తుందో ఊళ్ళో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. కడిగి తెమ్మని ఆమెకు చెప్పింది ఎవరో కూడా అప్పుడే గుర్తొచ్చింది. కుంది చేతిలో అలాగే ఉండిపోయింది.

వాళ్ళ ఊరు మూడు మైళ్ళు. పోలేదు. రేపు పోదామనుకున్నాను, ముసురు తగ్గాక అనుకున్నాను. పదిహేను రోజులకు గొంగళ్ళాయన చెప్పాడు, పిల్లను దవాఖానలో చూపించారట, బతికిందట. పైసల కోసం గొర్లవ్వ కడుపుతో ఉన్న గొర్రెను కోతకు అమ్మిందట. "ఏనాడు సూడి గొర్రెను కోతకియ్యలే అమ్మా ఆమె. మూడు దినాలు ముద్ద ముట్టలే" అన్నాడు.

రెండు నెలల తరువాత ఆమె మళ్ళీ నెయ్యి తెచ్చింది. "మంచిగున్నవా బిడ్డా?" అని ఎప్పటిలాగే అడిగింది. నాణేల ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే నా తప్పు ఒప్పుకోవాలి. బేరం చేయకుండా రూపాయి ఎక్కువ కలిపి చేతిలో పెట్టాను. గొర్రెలను లెక్కపెట్టని మనిషి ఆ పైసలు మాత్రం నా ముందే లెక్కపెట్టి, "ఒకటి ఎక్కువొచ్చింది" అని తిరిగి ఇచ్చింది. ఆ తరువాత ఏడేళ్ళు మా ఇంటికి వచ్చింది. సిక్కాలమ్మా అని మాత్రం మళ్ళీ పిలవలేదు. ఎన్ని సంతలు పోయాయో, ప్రతి సంతకూ ఈసారి చెబుతాననుకున్నాను.

కబురు విన్న రోజున ఆ మూడు మైళ్ళు నడిచాను. గంటకు కొంచెం పైన పట్టింది, అంతే. ఆమెను అప్పటికే కడిగి, ముఖానికి పసుపు రాసి, వాకిట్లో పడుకోబెట్టారు. నుదుటి మీద రూపాయి బిళ్ల పెట్టారు. దూరం నుంచే గుర్తుపట్టాను.

ఆనాడు జ్వరంతో ఉన్న మనుమరాలికి ఇప్పుడు పదహారేళ్ళు ఉంటాయి. నా దగ్గరికొచ్చి, "నువ్వేనా సిక్కాలమ్మవు?" అని అడిగింది. తలూపాను.

"అవ్వ అమ్మలే దాన్ని. మస్తుమంది అడిగిండ్రు. 'నేను పోయినంక నొసటికి గిదే పెట్టున్రి, సిక్కాలమ్మకు కబురు వెట్టున్రి. వస్తె సూసుకుంటది' అన్నది."

"తప్పు నాది బిడ్డా" అన్నాను. ఏడేళ్ళు నోట్లో నలిగిన మాట అంత చిన్నదని అప్పుడే తెలిసింది.

"నాకు జెప్తె ఏమొస్తది అమ్మా? ఆమెకే జెప్పు."

ఆమె చెవి దగ్గర చెప్పాలనే వంగాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. వంగగానే నా కళ్ళు ఆమె ముఖం మీదికి పోలేదు. బిళ్ల అంచు మీదికి పోయాయి. కుట్టు కోసం వెతికాయి. కుట్టు లేదు. సమ్మెట దెబ్బకు ఒక పక్క కొంచెం వెడల్పైన అంచు, పారసీ అక్షరాల సందుల్లో పసుపు. అప్పుడు ఆమె ముఖం చూశాను. ఏమీ చెప్పలేకపోయాను.

వాళ్ళలో ఆడవాళ్ళు కూడా గుంత దాకా వెళ్తారు. పాటిగడ్డ కిందే తవ్వారు. ముందురోజు వాన పడిందేమో, తీసిన మట్టి నల్లగా, తడిగా ఉంది. బిళ్ల తీసుకుంటావా అని ఎవరో మనుమరాలిని అడిగారు. వద్దంది. మూడు పిడికిళ్ళు ఆ పిల్లే వేసింది. మొదటిది ఛాతీ మీద, రెండోది భుజం మీద పడ్డాయి. కింద నుదుటి మీద రూపాయి ఎండకు ఒకసారి తెల్లగా మెరిసింది. మూడో పిడికెడు మట్టి దాని మీద పడింది.