గుప్పెడు బియ్యం కాపలా

అమెరికాలోని ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఆ టౌన్‌హౌస్‌ల వరసలో సులస్త్రి ఆంటీని ఎరగని పాత కాపురం లేదు. పేరు విని తెలుగావిడ కాదని పసిగట్టినవాళ్లు కూడా, ఆవిడ నోరు తెరిచి "కూర్చోండి, కాఫీ తాగి పోదురుగాని" అనగానే తెల్లబోతారు. అచ్చం చిలకలూరిపేట మాట. అది ఆవిడకు అత్తగారి దగ్గర్నుంచి వచ్చిన ఆస్తి. పుట్టింది మాత్రం ఇండోనేషియాలో, జావా నడిమధ్య, చుట్టూ వరిమళ్లు తప్ప ఇంకేమీ లేని ఓ చిన్న ఊళ్లో. మాటలో ఒక్కటే తేడా. వాళ్ల ఊళ్లో మర్యాద పట్టింపు ఎక్కువ కాబట్టి, ఎక్కడ తప్పు పోతుందోనన్న భయంతో ఆవిడ అందరినీ "మీరు" అనే అంటుంది. పసిపిల్లల్ని అంటుంది, ఎదురింటి కుక్కను కూడా అంటుంది.

భర్త పద్మనాభం దారం మిల్లులో స్పిన్నింగ్ మాస్టర్. ఉద్యోగం కోసం జావా వెళ్లి, అదే మిల్లులో కండెలు మార్చే పిల్లను పెళ్లి చేసుకుని చిలకలూరిపేటలో పెద్ద గొడవే తెచ్చిపెట్టాడు. అత్తగారు కొన్నాళ్లు ముఖం మాడ్చుకుని, ఆ తర్వాత "సులోచనా" అని తనకు తోచిన పేరు పెట్టుకుని కోడల్ని దగ్గరకు తీసింది. పద్మనాభం చెల్లెలు సాయం చేస్తే ఇద్దరూ అమెరికా చేరారు. పిల్లలు కలగలేదు. కరోనా రావడానికి కాస్త ముందు ఆయన పోయాడు. ఆయన చలికోటు మాత్రం ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు. మోకాళ్ల దాకా వచ్చే ఆ కోటు తొడుక్కుని, దాని టోపీ తల మీదకు లాక్కుని, మెడ చుట్టూ మఫ్లర్ చుట్టుకుని తిరుగుతుంది.

కరోనా రోజుల్లోనే ఆవిడ ఈ బియ్యం డబ్బాల పని మొదలుపెట్టింది. వాళ్ల ఊళ్లో ప్రతి ఇంటి ముందూ చిన్న వెదురు గొట్టం వేలాడేది. దీపాలు పెట్టే వేళకు ఇల్లాలు అందులో గుప్పెడు బియ్యం పోసేది. దాన్ని జింపితన్ అనేవారు. కాపలా వంతు వచ్చినవాళ్లు ఊరంతా తిరుగుతూ ఆ బియ్యం సంచిలోకి ఒంపుకునేవారు. బియ్యం ఊరుమ్మడి ఖర్చులకు పోయేది గానీ, అసలు సంగతి బియ్యం కాదు. అది తీసుకోవాలంటే కాపలావాడు ప్రతి గడప దగ్గరా ఆగాలి. గొట్టం ఖాళీగా ఉంటే తలుపు తట్టి అందరూ బాగున్నారా అని అడగాలి. లోపల జ్వరమో, పురుడో, మొగుడూ పెళ్లాల పోట్లాటో, ఏదో ఒకటి ఉండకపోదు.

ఎవరి తలుపులు వాళ్లు మూసుకుని భయపడుతూ కూర్చున్న ఆ రోజుల్లో ఆవిడ వరసంతా ఫోన్లు చేసి గుమ్మం పక్కన తలా ఒక డబ్బా వేలాడదీయమంది. సాయంత్రం తనే వచ్చి గుప్పెడు బియ్యం తీసుకుంటానంది. డబ్బా ఖాళీగా ఉంటే బెల్ కొడతానంది. అలా బెల్ కొట్టబట్టే చివరింటి పరంధామయ్య బాత్రూంలో జారిపడిన సంగతి బయటపడింది. ఆయన ఎప్పుడో డాక్టరుగా వచ్చి, రిటైరై, ఒంటరిగా ఉంటున్న పెద్దాయన. అప్పట్నుంచీ ఆ డబ్బాలు అలాగే ఉండిపోయాయి. పోగైన బియ్యాన్ని అప్పుడప్పుడూ ఆవిడ పసుపూ కొబ్బరిపాలూ పోసి వండి, గోపురంలా నిలబెట్టి అందరికీ పంచేది.

ఈ చలికాలం మొదట్లో మధ్యింటివాళ్లు ఇల్లు అమ్మి వెళ్లిపోయారు. జితేందర్, రాగిణి కొనుక్కుని వచ్చారు. డబ్బా గుమ్మం పక్కన అలాగే ఉండిపోయింది. పాతవాళ్లు పిచ్చుకల కోసం పెట్టారనుకుని రాగిణి రోజూ అందులో గుప్పెడు బియ్యం పోసేది. డబ్బాలో బియ్యం చూసి, అమ్మినవాళ్లు అంతా చెప్పే వెళ్లి ఉంటారని సులస్త్రి అనుకుంది. రోజూ తీసుకునేది. ఒక్క మాట అడిగి ఉంటే ఇద్దరికీ పోయేదేమీ లేదు. అడగలేదు.

ఆ ఇంటి బెల్‌కు కెమెరా ఉంది. ఓ సాయంత్రం వరస వాట్సాప్ గ్రూపులో వీడియో వచ్చింది. మసక వెలుతురు, పెద్ద మగకోటు, ముఖం కనపడని టోపీ, డబ్బాలోకి వెళ్తున్న చెయ్యి. కింద జితేందర్ రాసిన ముక్క: ఈ మనిషెవడో ఎవరికైనా తెలుసా, రోజూ మా డోర్ దగ్గర ఏదో తీస్తున్నాడు, మళ్లీ వస్తే పోలీస్‌కు కాల్ చేస్తా. గ్రూపులో సులస్త్రి కూడా ఉంది. కాకరకాయలు తరుగుతూ ఫోన్ తీసి, తన చేతిని తనే చూసుకుంది.

వరసగా జవాబులు వచ్చిపడ్డాయి. దొంగలు ఎక్కువయ్యారన్నారు ఒకరు. ముందు పోలీసుల్ని పిలవండి, తర్వాత మాట్లాడండి అన్నారు ఇంకొకరు. పక్కింటి అనురాధ, ఇన్నేళ్లుగా పసుపన్నం తిన్న అనురాధ, అందరూ జాగ్రత్త అని రాసింది. కోటును గుర్తుపట్టలేదు, ఆ మసకలో డబ్బానూ గమనించలేదు. సులస్త్రి కత్తి పక్కన పెట్టింది. నేనే అని టైప్ చేసింది, చెరిపేసింది. మళ్లీ టైప్ చేసింది, మళ్లీ చెరిపేసింది.

ఏ తప్పూ చేయనప్పుడు భయం దేనికని మనం తేలిగ్గానే అనేస్తాం. మనం ఆ దరువు వినలేదు కదా. వాళ్ల ఊరి కాపలా పాకలో ఒక బోలు కొయ్యదుంగ వేలాడేది. దొంగ పడితే దాని మీద ఆగకుండా దరువు వేసేవారు. సులస్త్రి చిన్నప్పుడు ఒకసారి ఎవరిదో గేదె కనపడలేదు. ఆ పూట కాపలా వాళ్ల నాన్నది. గట్టు మీద ఎవరో కొత్త కుర్రాడు నడిచి వస్తుంటే చూసి ఆయనే దరువు వేశాడు. ఊరంతా కొడవళ్లూ కర్రలూ పట్టుకుని వచ్చింది. ఆ కుర్రాడు చెప్పుకోబోయినా విన్నవాళ్లు లేరు. అతను పై ఊరి నుంచి పిన్నిని చూడటానికి వస్తున్నాడని, గేదె చెరుకుతోటలో మేస్తోందని తెల్లారాక తెలిసింది. ప్రాణం దక్కింది గానీ కాలు వంకరపోయింది. వాళ్ల నాన్న బతికినన్నాళ్లూ మళ్లీ ఆ దుంగను ముట్టుకోలేదు. ముందు అడగాలమ్మా, నేను అడగలేదు, అని పోయేముందు కూడా అన్నాడు.

గ్రూపులో టింగు టింగుమంటూ వస్తున్న మెసేజీలు ఆవిడ చెవికి ఆ దరువులాగే వినపడ్డాయి. ఫోన్ సోఫా దిండు కింద దాచేసింది. ఆ మర్నాడు బయటికి వెళ్లలేదు. ఆ పైన కూడా వెళ్లలేదు. కోటును అలమరలో లోపలికి తోసేసింది. ఇంతకాలం తనది అనుకున్న వీధిలో దొంగ అనిపించుకుని ఎలా తిరగాలి? జావాలో అన్నదమ్ములు లేరు, చిలకలూరిపేటలో అత్తగారు లేదు. ఇది కాదంటే ఆవిడకు ఇంకో ఊరు లేదు.

ఒక సాయంత్రం బెల్ మోగింది. సులస్త్రి తెర పక్కనుంచి భయంభయంగా చూసింది. పరంధామయ్య. మంచు కరగడానికి ఉప్పు చల్లిన బాట మీద వాకర్ నెట్టుకుంటూ వచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. వాకర్‌కు ఆయన కాఫీ డబ్బా వేలాడుతోంది. అందులోంచి బియ్యం ఒలికిపోతోంది. వాట్సాప్ ఆయన జన్మలో చూడలేదు కాబట్టి దొంగ సంగతి ఆయనకు తెలియదు.

"డబ్బా ఖాళీగా ఉంటే నువ్వొచ్చి నా తలుపు కొడతావు," అన్నాడు ఆయన గుమ్మంలోనే నిలబడి. "నిండిపోతే నేను నీ తలుపు కొట్టాలని నాకు ఇవాళ తట్టింది. ముసలి బుర్ర, ఆలస్యమైంది. బాగున్నావా అమ్మా?"

భర్త పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని మనిషి అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పింది. పరంధామయ్యకు ఒళ్లు మండిపోయింది. ఆ కుర్రాణ్ణి కడిగేస్తానన్నాడు, అనురాధను వదిలేది లేదన్నాడు. సులస్త్రి ఆపింది. తను కూడా అడగలేదు కదా, తనే వెళ్లి చెప్పుకుంటానంది. అయినా ఆయన ఊరుకోలేదు. మర్నాడు పొద్దున్నే ల్యాండ్‌లైన్ ముందేసుకుని వరసంతా ఫోన్లు చేసి, డబ్బాలు నిండి కిందపడుతుంటే ఆవిడేమైందని ఒక్కరైనా అడిగారా అని పేరుపేరునా చీవాట్లు పెట్టాడు. కొత్తవాళ్ల నంబర్ ఆయన దగ్గర లేదు.

సాయంత్రం సులస్త్రి అదే కోటు తొడుక్కుంది. టోపీ వెనక్కి వేసుకుంది, మఫ్లర్ ఇంట్లోనే వదిలేసింది. చెవులు కొరికే చలి. పరంధామయ్య ఇంటి దగ్గర మొదలుపెట్టి ఒక్కో డబ్బా ఒంపుకుంటూ జితేందర్ ఇంటి ముందు ఆగింది. అక్కడ డబ్బా లేదు. మేకు మాత్రం ఉంది. వాకిట్లో కారు మీద ఎప్పుడో పడ్డ మంచు గడ్డకట్టి అలాగే ఉంది. మంచులో చక్రాల జాడ లేదు. ఉద్యోగం చేసే కుర్రాడి కారు ఇన్ని రోజులు కదలకపోవడమేమిటని ఆవిడకు అనిపించింది. బెల్ నొక్కింది. కెమెరా చుట్టూ నీలం దీపం వెలిగింది.

"నేనండీ, సులస్త్రిని," అంది ఆవిడ కెమెరా వైపు ముఖం ఎత్తి. "పద్మనాభం గారి భార్యని. మీ డబ్బాలో బియ్యం తీసింది నేనే. దొంగను కానండి. చెప్పకుండా తీశాను, అది నా తప్పు."

తర్వాత తలుపు తెరుచుకుంది. జితేందర్‌కు గడ్డం మాసిపోయి ఉంది. వెనకాల రాగిణి. అతను సారీ ఆంటీ అని మొదలుపెట్టి, ఆడవాళ్లని తెల్వలేదని, కనీసం డోర్ తీసి అడగాల్సుండెనని ఏదేదో అంటున్నాడు. సులస్త్రి చెప్పనిచ్చింది గానీ ఆవిడ చూపు మేకు మీదే ఉంది. పద్ధతి పద్ధతే.

"డబ్బా లేదండీ," అంది. "ఇంట్లో అందరూ బాగున్నారా?"

"బాగున్నం ఆంటీ," అన్నాడు అతను అలవాటుగా. ఆ తర్వాత మంచు కప్పిన కారు వైపు చూశాడు. "లేదు ఆంటీ. జాబ్ పోయింది. వీసా టైం అయిపోవస్తుంది. ఇంటికి ఫోన్ చేసి గూడ చెప్పలే. పొద్దంతా ఇంట్ల కూసోని ఆ కెమెరానే చూస్తున్న."

సులస్త్రి బూట్లు విప్పి లోపలికి నడిచింది. ఉద్యోగం ఇప్పించడం ఆవిడ చేతిలో లేదు. సంచీలో బియ్యం మాత్రం ఉంది. పొయ్యి ఎక్కడండీ అని రాగిణిని అడిగింది. కొబ్బరిపాలు ఉన్నాయా అని అడిగింది. ముగ్గురూ వంటింట్లో నిలబడ్డారు. అతను చెప్పుకుంటూ పోయాడు. ఆవిడ బియ్యం కడుగుతూ వింటూ ఉండిపోయింది.

అలా మాటల్లో పడి వరసలో మిగతా ఇళ్లకు వెళ్లనేలేదు. ఎసరు మరిగే వేళకు బెల్ మోగింది. జితేందర్ ఫోన్ తీసి చూశాడు. గుమ్మంలో అనురాధ, చేతిలో నిండు డబ్బా. ఆమె వెనకాల టార్చ్ వేసుకుని ఇంకో ఇంటివాళ్లు వస్తున్నారు.

"మా డబ్బా ఇంకా నిండుగానే ఉంది," అంది అనురాధ కెమెరాతో. "సులస్త్రి ఆంటీ ఇటు వచ్చారా? బాగున్నారా?"