బంద్ అంటే ఏది?

సూరత్‌లో, కార్ల యజమానులు ఫోన్లో వాడుకునే యాప్ తయారుచేసే ఆఫీసులో నేను డిజైనర్‌ని. ఇంజిన్ ఆపే బటన్ మీద ‘బంద్’ అని రాయించాను. తెలుగు, హిందీ, గుజరాతీ మూడింటికీ ఒకే మాట సరిపోయిందని అందరూ మెచ్చుకున్నారు.

వాడి చూడమని ముందుగా మా కారుకు కలిపి మా మామగారి ఫోన్లో వేశాను. ఆయన లింబాయత్‌లో మరమగ్గం నడుపుతారు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం మూడేళ్ల మా పాప కార్లో నిద్రపోతోంది. ఇంజిన్, ఏసీ ఆన్‌లోనే ఉంచి, ఆయన్ను కాపలా పెట్టి మందుల షాపుకెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆయన కారు పక్కనే నీడలో చాయ్ తాగుతున్నారు. తలుపు తీస్తే సెగ ముఖానికి కొట్టింది. పాప ఒళ్లంతా చెమట. పిలిస్తే పలకలేదు.

“ఏసీ ఎందుకు బంద్ చేసిండ్రు మామయ్యా?”

“ఏసీ నేనేడ బంద్ చేసిన? ఎవరన్న తీస్తరేమోనని తలుపులు బంద్ చేసిన. ఫోన్ల నువ్వు రాసిందే ఒత్తిన.”

ముఖాన నీళ్లు చల్లాక పాప గట్టిగా ఏడ్చింది. నా ప్రాణం కుదుటపడింది.

ఇప్పుడు యాప్‌లో ‘ఇంజిన్ ఆపు’, ‘తలుపులకు తాళం’ అని వేరువేరుగా ఉంటాయి. మాటలు పొడుగయ్యాయని ఆఫీసులో ఎవరైనా అంటే, లేచి గదిలో ఏసీ బంద్ చేస్తాను.