ఇస్త్రీ గదిలో పోయిన పదకొండు బట్టలు

మేనల్లుడు తన కంపెనీ గురించి ఎక్కడ మాట్లాడినా, మూడో స్లైడ్ రాగానే గొంతు కాస్త తగ్గించేవాడు. తెర మీద ఒక ఇస్త్రీ బల్ల ఫోటో ఉండేది. "మా మొట్టమొదటి షాపులో ఇరవై ఏళ్ళుగా ఎవరి కంటా పడని చేతివాటాన్ని మా సాఫ్ట్‌వేర్ ఆరు నెలల్లో పట్టేసింది," అనేవాడు. హాల్లో జనం కుర్చీల్లో ముందుకు వంగేవారు. ఆ వంగడం అతనికి మహా ఇష్టం. రెండేళ్ళలో ఆ కథ పందొమ్మిదిసార్లు చెప్పాడు. ఇరవై ఏళ్ళ సంగతి ఎవరూ చూసింది లేదు, అది అతనే కలిపాడు. కథకి అందంగా ఉంటుందని.

అతన్ని మేనల్లుడు అంటున్నానంటే కారణముంది. ఆ మొట్టమొదటి షాపు వాళ్ళ అత్తయ్యది. తండ్రిది ఊళ్ళు తిప్పే ఉద్యోగం కావడంతో, పిల్లవాడి చదువు చెట్టెక్కుతుందని అత్తయ్య తన దగ్గరే పెట్టుకుంది. బడి నుంచి వచ్చి లాండ్రీ వెనక గదిలో, ఉతికిన దుప్పట్ల గుట్టకి ఆనుకుని హోంవర్కు చేసుకునేవాడు. ఆ గదిలోనే ఇస్త్రీ బాబాయి పనిచేసేవాడు. ఆయనకి అసలు పేరొకటి ఉంది, కానీ అత్తయ్య తప్ప అందరూ ఇస్త్రీ బాబాయే అనేవారు. అత్తయ్య మాత్రం "తమ్ముడూ" అనేది. బాబాయి నోట్లో నాలుక లేని మనిషి. మేనల్లుడు మొదటి ఇంటర్వ్యూకి వెళ్ళే రోజు పొద్దున్నే అతని చొక్కాని రెండుసార్లు ఇస్త్రీ చేసి, "ఎంతసేపు కూర్చున్నా నలగదురా అబ్బాయ్, నువ్వు నలక్కుండా చూసుకో," అన్నాడు. ఆయన జన్మలో వేసిన జోకు అదొక్కటే.

కొన్నేళ్ళు ఉద్యోగం చేసి విసుగెత్తిన మేనల్లుడు దాన్ని వదిలేసి అత్తయ్య షాపుకే వచ్చిపడ్డాడు. వెనక గదిలో ఒక బల్ల వేసుకుని లాండ్రీలకి సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టాడు. పద్ధతి చాలా తేలిక. ప్రతి బట్టకీ నంబరు చీటీ పిన్ను చేస్తారు. కౌంటర్లో ఇచ్చినప్పుడు ఒక బీప్, ఉతికాక ఒకటి, ఇస్త్రీ అయ్యాక ఒకటి, మనిషి వచ్చి పట్టుకెళ్ళేటప్పుడు ఒకటి. నాలుగు బీపులు పడితే బట్ట క్షేమంగా ఇల్లు చేరినట్టు. నాలుగోది పడకపోతే కొన్ని రోజులకి ఎర్ర అక్షరాల్లో "పోయింది" అని వస్తుంది, ఆఖరి బీప్ ఏ గదిలో పడిందో ఆ గది పేరుతో సహా. అత్తయ్య ఆనందం పట్టలేకపోయింది. "మా చిన్నా చేశాడు" అంటూ బట్టలకి తొందరపడి వచ్చినవాళ్ళని కూడా నిలబెట్టి చూపించేది.

ఆరో నెలలో ఎర్ర అక్షరాలు వచ్చాయి. పదకొండు బట్టలు. పదకొండూ ఇస్త్రీ గదిలోనే పోయాయి.

అత్తయ్య మేనల్లుణ్ణి పిలిపించింది. అతను గంటసేపు అటూ ఇటూ నొక్కి చూసి, "మెషీన్‌కి ఎవరి మీదా కోపం ఉండదు కదా అత్తయ్యా, ఉన్నదే చెబుతుంది," అన్నాడు. షాపులో అప్పుడు ఉతికేవాళ్ళిద్దరూ, కౌంటర్లో అమ్మాయీ, బట్టల కోసం వచ్చిన ఇద్దరు పెద్దమనుషులూ ఉన్నారు. అందరి కళ్ళూ ఇస్త్రీ గది గుమ్మం వైపే తిరిగాయి.

"నేనెందుకు తీస్తానురా అబ్బాయ్?" అన్నాడు ఇస్త్రీ బాబాయి. "అయినా పదకొండు పోయాయంటున్నావు, ఒక్కళ్ళయినా వచ్చి నా కోటేదీ అని అడిగారా?" అన్నాడు.

దానికి మేనల్లుడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "జనం చూసుకోరు బాబాయ్. బీరువాలో ముప్పై చొక్కాలున్నవాడికి ఒకటి తగ్గితే ఏం తెలుస్తుంది?" అన్నాడు. చురుకైన జవాబు. అలాంటి జవాబులకి ఆ రోజుల్లో అతని దగ్గర కరువు లేదు.

ఇస్త్రీ బాబాయి మేకుకి తగిలించిన సంచీ తీసి, కౌంటర్ దగ్గరికి తెచ్చి, అందరి ముందూ బోర్లించాడు. చూపించమని ఎవరూ అడగలేదు. అందులోంచి ఏమేం పడ్డాయో మేనల్లుడు చూడలేదు, అతను కంప్యూటర్ తెర వైపు తల తిప్పుకున్నాడు. మళ్ళీ అన్నీ సంచీలో వేసుకుని, "వస్తానక్కా," అని ఆయన మెట్లు దిగాడు. అత్తయ్య ఆగమనలేదు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, మూడో రోజు ఇంకో మనిషిని పెట్టుకుంది.

అక్కణ్ణించి మేనల్లుడి దశ తిరిగింది. అరవై రెండు షాపులు, తొమ్మిదిమంది ఉద్యోగులు, గాజు గోడల ఆఫీసు, కాలేజీలో కలిసి చదివిన స్నేహితుడు పార్ట్‌నరు. ఈ మధ్యనే ఒక కొత్త ప్రోగ్రామర్ చేరింది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఏదో షాపువాళ్ళు ఒక మనిషి బిల్లులో నాలుగు బట్టలకి బదులు ఏడు కనిపిస్తున్నాయని గోల పెడితే, చిన్న పనే కదా అని ఆమెకి అప్పగించారు. మూడు రోజులు తలెత్తకుండా చూసి, నాలుగో రోజు మేనల్లుడి గదిలోకి వచ్చింది.

"సార్, మన లెక్కలో పోయాయని చూపించిన బట్టల గురించి ఎప్పుడైనా, ఎక్కడైనా, ఒక్క కస్టమరైనా అడిగారా?"

ఆ ప్రశ్న మేనల్లుడు ఇదివరకే విన్నాడు. అప్పుడు చెప్పిన జవాబు నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఈసారి బయటికి రాలేదు.

ఆమె విడమరిచి చెప్పింది. నెట్ పోయినప్పుడు ముందు కౌంటర్లో మెషీనూ, రద్దీ వేళ బట్టలు తీసుకునే వెనక కౌంటర్లో మెషీనూ దేనికది నంబర్లు ఇచ్చేసుకుంటాయి. రెండూ ఒకే నంబరు ఇస్తాయి. నెట్ వచ్చాక రెండు మూటలూ ఒకే బిల్లు కింద కలిసిపోతాయి. నాలుగు బట్టలిచ్చిన మనిషి పేరు మీద ఏడుంటాయి. ఆ మనిషి తన నాలుగూ తీసుకుపోతే, మిగతా మూడూ పోయినట్టు. నిజానికి ఆ మూడూ ఇచ్చినాయనకి బిల్లే కనబడదు. కౌంటర్లోవాళ్ళు విసుక్కుని, మూట మీద రాసిన పేరు చూసి, బీప్ లేకుండానే ఇచ్చి పంపేస్తారు. ఆయన హాయిగా తన కోటు తొడుక్కుని తిరుగుతుంటే, కంప్యూటర్ మాత్రం ఆ కోటు పోయిందని అంటుంటుంది.

"కౌంటర్‌కి ముందు ఆఖరి బీప్ ఇస్త్రీ గదిలోనే కదా సార్. అందుకని ఎక్కడ ఎవరు పొరపాటు చేసినా, అన్ని షాపుల్లోనూ అది ఇస్త్రీవాళ్ళ మీదే పడుతోంది," అంది.

రెండో మెషీన్‌కి నంబర్లిచ్చే ఆ భాగం ఎవరు రాశారని అతను అడగలేదు. ప్రోగ్రాంలో ప్రతి వరస పక్కనా రాసినవాళ్ళ పేరుంటుంది. అత్తయ్య షాపు వెనక గదిలో, ఇస్త్రీ బాబాయి ఇచ్చిన టీ తాగుతూ ఒక్క మధ్యాహ్నంలో తనే రాశాడు.

పార్ట్‌నరు తేలిగ్గా తీసుకున్నాడు. "ముందు కౌంటర్ నంబరుకి ఒక అక్షరం, వెనకదానికి ఇంకొకటి తగిలిద్దాం. సాయంత్రానికల్లా అయిపోతుంది. పాతవి తవ్వుకోవడం ఎందుకురా, ఎవరికి తెలుస్తుంది?"

"నంబర్లు బాగవుతాయి," అంది కొత్త ప్రోగ్రామర్. "కానీ తనకి తెలియనిదాన్నల్లా పోయిందనడం ఆగదు కదా. అది పునాదిలోనే ఉంది. మొత్తం మళ్ళీ రాయాల్సిందే."

ఇద్దరూ మేనల్లుడి వైపు చూశారు. "ప్రస్తుతానికి అక్షరాలు తగిలించండి," అన్నాడతను. అనగానే తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఇంతకంటే సిగ్గుమాలిన పని ఇంకోటుంది. అది జరిగిన నాలుగు రోజులకి ఒక పెద్ద హాల్లో మాట్లాడాల్సి వచ్చింది. మూడో స్లైడ్ తీసేద్దామనే అనుకున్నాడు. తియ్యలేదు. ఇస్త్రీ బల్ల ఫోటో తెర మీదికి రాగానే నోరు దానంతటదే అలవాటు ప్రకారం గొంతు తగ్గించి, చేతివాటం కథ మొత్తం చెప్పేసింది. జనం ముందుకు వంగారు. అన్నీ తెలిసి చెప్పిన మొదటిసారి అదే, ఇరవయ్యోసారి. చప్పట్లు ఆగకముందే తేలు కుట్టిన దొంగలా పక్క తలుపులోంచి బయటపడ్డాడు. ఆఫీసుకి వెళ్ళలేదు. అక్కడా ఇక్కడా వాకబు చేసి, ఒక హోటల్ కింది అంతస్తులో దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్న బాబాయి దగ్గరికి చేరాడు.

జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. చేతి విసురు మాత్రం మారలేదు.

"బాబాయ్."

"రండి సార్," అన్నాడు ఇస్త్రీ బాబాయి.

ఊహ తెలిసిన దగ్గర్నుంచి తనని ఒరేయ్, అబ్బాయ్ అన్న నోట్లోంచి ఆ "సార్" వినేసరికి మేనల్లుడికి తల కొట్టేసినట్టయింది. గొణుక్కుంటూ చెప్పాడు. "సాఫ్ట్‌వేర్‌లో చిన్న పొరపాటు జరిగింది బాబాయ్. నంబర్లు కలిసిపోయాయి. ఆ బట్టలు పోలేదు."

"పోలేదని నాకు తెలుసు కదా సార్." ఆయన దుప్పటి అంచు లాగి సరిచేసుకున్నాడు. "జరిగిందంటున్నారు. ఎవరు చేశారు?"

"నేనే."

"ఊఁ."

"నన్ను క్షమించు బాబాయ్."

ఇస్త్రీ బాబాయి పెట్టెని నిలబెట్టి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఇక్కడ చెబితే ఎవరు విన్నారు సార్? ఈ దుప్పట్లు విన్నాయి. ఆ రోజు షాపులో ఉన్న ఇద్దరు పెద్దమనుషుల్లో ఒకాయన మా వీధి చివరే ఉంటాడు. నేనెదురొస్తే అవతలి పక్కకి దాటి నడుస్తాడు. మా కోడలు ఒకరోజు అడిగింది, నిజంగా తీశారా మావయ్యా అని. కోపంగా కాదు, ఊరికే అడిగింది." మళ్ళీ పెట్టె అందుకున్నాడు. "అక్కకి చెప్పారా?"

"లేదు."

"మరి ముందు అక్కడ చెప్పండి."

మర్నాడు పొద్దున, షాపు జనంతో కిటకిటలాడే వేళ, మేనల్లుడు కౌంటర్ ముందు నిలబడి చెప్పాడు. ఇరవైసార్లు అంత సాఫీగా చెప్పిన నోరు ఈసారి ప్రతి మాటకీ తడబడింది. ఆ బట్టలు పోలేదన్నాడు. బాబాయి తియ్యలేదన్నాడు. తప్పు రాసింది తనేనన్నాడు. ఉతికేవాళ్ళిద్దరూ చేతులు తుడుచుకుంటూ వచ్చి విన్నారు. ఎవరో తమ బట్టల సంగతి అడగబోయి ఊరుకున్నారు. నేల చీలితే దిగిపోవచ్చుననిపించింది, నేల మాత్రం అత్తయ్య రోజూ తుడిపించే నున్నటి నేల, కదల్లేదు.

అత్తయ్య స్టూలు మీద కూలబడింది. "నువ్వు చెప్పావని కదరా నమ్మాను," అంది. "వాడి మాట వినకుండా నీ మాట విన్నాను." కళ్ళు ఒత్తుకుని అడిగింది. "ఇది ఇంకా ఎన్ని షాపుల్లో ఉంది?"

"అరవై రెండు."

"అక్కడ ఇస్త్రీ చేసేవాళ్ళు మనుషులు కారా చిన్నా?"

అతను అక్కణ్ణించి తిన్నగా ఆఫీసుకి వెళ్ళి, మొత్తం మొదటినుంచి రాద్దామన్నాడు. పాతదాంట్లోంచి ఒక్క వరస కూడా తీసుకోవద్దన్నాడు. ఎందుకు మళ్ళీ రాస్తున్నామో దాచకుండా అన్ని షాపులకీ తన సంతకంతో ఉత్తరాలు పంపాడు. పద్దెనిమిది షాపులు అతని కంపెనీని వదిలేసి వెళ్ళిపోయాయి. ఏడు షాపులవాళ్ళు మేమూ ఒక ఇస్త్రీ మనిషిని పన్లోంచి పంపేశామని జవాబు రాశారు. ఆ ఏడు ఉత్తరాలూ అతను సొరుగులో పెట్టుకున్నాడు. పని పోయిన ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళాడు. నలుగురు లోపలికి రమ్మన్నారు.

ఎనిమిది నెలలు పట్టింది. కొత్తదాంట్లో "పోయింది" అనే మాట లేదు. బీప్ పడకపోతే "తెలియదు, కస్టమర్‌ని అడగండి" అని వస్తుంది, ఏ గది పేరూ రాదు. "తెలియదని చెప్పే సాఫ్ట్‌వేర్ ఎవడు తీసుకుంటాడ్రా," అని పార్ట్‌నరు తల పట్టుకున్నాడు గానీ వెళ్ళిపోలేదు.

మొదట అత్తయ్య షాపులోనే పెట్టారు. అప్పటికి ఇస్త్రీ బాబాయి తిరిగొచ్చి ఆరు నెలలైంది. అత్తయ్య మూడుసార్లు ఇంటికి వెళ్ళి బతిమాలితే వచ్చాడు. మూడోసారి ఆ వీధి చివరి పెద్దమనిషిని కూడా వెంటబెట్టుకు వెళ్ళింది. ఆ రోజంతా మేనల్లుడు షాపులోనే ఉండి ప్రతి బీపూ విన్నాడు. మధ్యాహ్నం స్కానర్ అందిస్తూ బాబాయి పొరపాటున "అబ్బాయ్" అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. మేనల్లుడికి ఆ ఒక్క మాటతో కడుపు నిండిపోయింది. అంతా సర్దుకుందనే అనుకున్నాడు.

ఐదింటికి ఇస్త్రీ బాబాయి పెట్టె ఆపి, బల్ల తుడిచి, సంచీ తీసుకుని బయల్దేరాడు. కౌంటర్ దగ్గర ఆగాడు. సంచీ నోరు తెరిచి అందరికీ కనబడేలా కౌంటర్ మీద పెట్టాడు.

కౌంటర్లో అమ్మాయి ఇబ్బందిగా మేనల్లుడి వైపు చూసింది. "రోజూ ఇంతే సార్. అమ్మగారు ఎన్నిసార్లు వద్దన్నా వినరు."

అత్తయ్య మొహం అటు తిప్పుకుని మడతపెట్టిన చొక్కాలనే మళ్ళీ మడతపెడుతోంది.

"చూడండి సార్," అన్నాడు ఇస్త్రీ బాబాయి. గొంతులో కోపం లేదు.

ఆ రోజు తల తిప్పుకున్న మేనల్లుడు ఈసారి చూశాడు. భోజనం డబ్బా, తడి తువ్వాలు, కళ్ళద్దాల పెట్టె.