తొందరగా అయిపోయిన పని

నేను పనిచేసే కంపెనీ మా టీమ్ మొత్తాన్ని ఒక్క మీటింగుతో ఇంటికి పంపేసింది. ఆ తర్వాత చాలా నెలలు ప్రభుత్వం ఇచ్చే నిరుద్యోగ భృతి మీదే బతికాను. రెండు వారాలకోసారి ఫోన్‌లో చెప్పుకోవాలి: ఏమైనా పని చేశావా, ఎంత వచ్చింది, ఎక్కడెక్కడ అప్లై చేశావు. యాభై దాటినవాణ్ని నిలబెట్టి హోంవర్క్ చూపించమన్నట్టు ఉండేది. ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో మా వీధిలో సగం మంది తెలుగువాళ్లే. ఎవరైనా అడిగితే కన్సల్టింగ్ చేస్తున్నానని కోతలు కోసేవాణ్ని.

జనవరిలో, ఇక్కడి బడులకి ఎండాకాలం సెలవులప్పుడు, ఉద్యోగాల ఏజెన్సీ ఒక తాత్కాలిక పని చూపించింది. స్కూల్ యూనిఫాంల గోదాములో చొక్కాలు, నిక్కర్లు సైజులవారీగా మడిచి పెట్టెల్లో సర్దాలి. బాగా చేసేవాళ్లను పర్మనెంట్‌గా ఉంచుకుంటారేమో అంది ఏజెన్సీ అమ్మాయి. ఇక ఆ ఫోన్‌కి సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు, నాకు కావలసింది అంతే.

రేకుల షెడ్డు, బయట మాడిపోయే ఎండ. నా బల్లకి ఎదురుగా వరంగల్ నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. ఆవిడా నాలాగే భృతి మీద ఉండి, ఇలాంటి పనులు చాలాచోట్ల చేసింది. నేను ఆఫీసులో ఇన్నేళ్లూ ఎలా చేశానో ఇక్కడా అలాగే మొదలుపెట్టాను. టీ విరామాన్ని ఇక్కడ స్మోకో అంటారు. అందరూ వెళ్లేవారు, నేను కదిలేవాణ్ని కాదు. మేనేజర్ అటుగా వచ్చేసరికి మనం ఖాళీగా కనబడకూడదు. మన ఆఫీసుల్లో అబ్బిన బుద్ధి, ఎక్కడికి పోతుంది? లంచ్ కూడా నిలబడే తినేవాణ్ని.

"గింత ఉరుకుడెందుకన్నా? జర కూసోండ్రి," అంది ఆవిడ ఒకరోజు. "గీడ స్టాక్ ఉన్నన్ని దినాలే మనకు షిఫ్టులు."

"కష్టపడితే చూస్తారు కదమ్మా," అన్నాను.

"చూస్తరు. మంచిగ చూస్తరు," అని నవ్వింది.

ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండింది. పనిదొంగ అనుకున్నాను. జీతం వస్తోంది కాబట్టి ఈసారి మీ భృతి సున్నా అని ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. ఆ సున్నా చూసి ఎగిరి గంతేసినంత పనిచేశాను. మా ఆవిడకి చూపిస్తే, "పర్మనెంట్ అయ్యాక చూపించండి," అంది.

మేనేజర్ నా బల్లని అందరికీ చూపించి, ఆ లెక్కన చెయ్యమన్నాడు. పాపం, అందరూ పరిగెత్తారు. బడులు తెరవడానికి ఇంకా చాలా రోజులుండగానే ఆఖరి పెట్టెకి నేనే టేపు వేశాను. ఆయన పిజ్జాలు తెప్పించాడు. "యూ ఆర్ ఎ లెజెండ్, మేట్," అని నా భుజం తట్టి, రేపటి నుంచి ఎవరికీ షిఫ్టులు లేవన్నాడు. ఉంచుకుంటారని విన్నానే అని గొంతు తగ్గించి అడిగాను. ఆయన ఖాళీ బల్లల వైపు చెయ్యి చూపించాడు. నిజమే, అక్కడ చెయ్యడానికేమీ మిగల్లేదు.

కార్ పార్కులో ఆవిడ కారు తలుపులు తెరిచి, లోపలి వేడి పోయేదాకా నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఇంకేడన్న పని దొరికితే నాకు గూడ చెప్పుండ్రి అన్నా," అంది.

సరేనమ్మా అన్నాను. ఆవిడ నంబరు తీసుకోవడం కూడా మర్చిపోయాను. మళ్లీ ఏ పనీ దొరకలేదు కాబట్టి, ఉన్నా చేసేదేమీ లేదు.

బడులు తెరిచారు. మళ్లీ ఫోన్‌లో అవే ప్రశ్నలు. ఒకరోజు సాయంత్రం ఆరిన బట్టలు సోఫా మీద పోసుకుని, మా అమ్మాయి యూనిఫాంలు మడత పెడుతున్నాను. తను బడి నుంచి వచ్చి, పాల గ్లాసు పట్టుకుని కాసేపు చూసింది.

"వావ్ నాన్నా, యూ ఆర్ సో ఫాస్ట్," అంది.

అవునమ్మా అన్నాను. తను గదిలోకి వెళ్లిపోయింది. మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చేదాకా ఇంట్లో చెయ్యడానికి నాకింకేమీ లేదు. మడిచిన చొక్కాలన్నీ విప్పేసి మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి మెల్లగా చేద్దామని. నాకు చేతకాలేదు.