నడుము లోతు నీళ్ళలో మా చిన్ని

చిన్నీ,

నిన్న ఫోన్ మోగితే నువ్వే అనుకున్నానమ్మా.

ఫ్లోరిడాలో నీతో పనిచేసే మేఘన. "ఆంటీ, అంకుల్ పక్కనే ఉన్నారా?" అంది. మావారిని కేకేశాను.

ఆ తర్వాత ఏం చెప్పిందో సరిగా వినపడలేదు. నడుము లోతు నీళ్ళు అన్నది మాత్రం విన్నాను.

నడుము లోతులో మనిషి పోతుందా?

ఈ పోస్ట్ చదివేవాళ్ళలో తెలియనివాళ్ళకి చెప్తున్నాను. మా అమ్మాయి సముద్రంలో బ్లెన్నీ అనే చేపల్ని లెక్కపెట్టే ప్రాజెక్ట్‌కి వెళ్ళింది. వేలెడంత చేప. రాతి కన్నంలోంచి తల బయటపెట్టి, గుడ్లు తిప్పుతూ మనల్నే చూస్తుంది.

హైస్కూల్లో ఉండగా ఇక్కడ ఫ్రీమాంట్‌లో మా ఇంట్లో ట్యాంక్ పెట్టి ఒకదాన్ని పెంచింది. ఉగాదికి ఇల్లు శుభ్రం చేస్తూ, ట్యాంక్‌లో రాయికి పాచి పట్టిందని తీసి, సింక్‌లో పెట్టి చింతపండుతో తోమాను. కన్నంలో చేప ఉందని చూసుకోలేదు. టప్పున సింక్‌లో పడింది.

చిన్ని పరిగెత్తుకొచ్చి, దోసిట్లోకి తీసుకుని ట్యాంక్‌లో వదిలింది.

"అమ్మా! ఆ పాచే దాని లంచ్! నా ఫ్రెండ్‌ని పులుసు పెట్టేద్దామనుకున్నావా?"

అరిచి, మళ్ళీ తనే పడీ పడీ నవ్వింది. చేప బతికింది. కనపడ్డ ఆంటీకల్లా ఈ కథే చెప్పేది.

ఫ్లోరిడా వద్దన్నాను. నాకు సముద్రమంటే భయం. వెళ్ళిన మొదటిరోజే నీళ్ళలో నిలబడి వీడియో కాల్ చేసింది. "చూడు, నా నడుము దాకానే. ఈ చేప లోతుకి పోదమ్మా. నీకంటే పిరికిది."

నమ్మాను.

కదిలితే చేప కన్నంలోకి దూరిపోతుందట. అందుకని ముఖం నీళ్ళలో పెట్టి, గొట్టంతో గాలి పీలుస్తూ, కదలకుండా బోర్లా తేలుతూ చూడాలట.

నిన్న కూడా అలాగే ఉందట.

చేపను చూస్తోందనుకున్నారు.

అందరూ అక్కడే ఉన్నారు.

నిన్నటినుంచి కుళాయి చప్పుడు వింటే పరిగెత్తుకెళ్ళి కట్టేస్తున్నాను. మావారు స్నానానికి వెళ్తే తలుపు దగ్గర నిలబడి పిలుస్తూనే ఉన్నాను. "ఉన్నానే, ఉన్నాను" అంటున్నారు లోపల్నుంచి.

మేఘన వాళ్ళు సోమవారం మళ్ళీ దిగుతారట. చిన్ని డేటా కంప్లీట్ చేస్తారట. వద్దనలేను. సరేననీ అనలేను. వాళ్ళూ అలాగే కదలకుండా తేలుతుంటే, ఎవరికి తెలుస్తుంది?

పిల్లలూ, నిమిషానికోసారి ఒకరి భుజం ఒకరు తట్టండి. చేపలు పారిపోతే పోనివ్వండి.

పొద్దున్నే చేపలు బయటికొస్తాయన్న తొందరలో నిన్న చిన్ని కాఫీ కూడా తాగకుండా దిగిందట. కళ్ళు తిరిగాయేమో అంటున్నారు. డాక్టర్లు ఇంకా ఏమీ చెప్పలేదు.

చిన్నీ, భయం లేని చోట హాయిగా పడుకో తల్లీ. ఆ దేవుడు నీకు శాంతినివ్వాలి.

పిల్లలూ, ఇది చదివే మీరంతా, దయచేసి వేళకి కడుపునిండా తినండి.