విసురువల తాత యోగాభ్యాసం

పట్టిసీమ రేవులో విసురువల వేసేవాళ్ళు పదిమందికి పైగానే ఉన్నారు గానీ, చినబాబు తాత వల వేస్తే మాత్రం జనం పని ఆపుకుని చూసేవాళ్ళు. ఇది తాత సొంతంగా చెప్పుకునే మాట. చూసేది ఇద్దరే, ఒకటి ఆయన, రెండోది నీళ్ళలో ఆయన నీడ అంటుంది ఆయన భార్య, సత్యకుమారి నానమ్మ. అయినా ఆ వల గుండ్రంగా పడేదన్న సంగతి ఆమె కూడా కాదనదు.

విసురువల వేయడం చూసినంత సులువు కాదు. చేతితాడు ఎడమ మణికట్టుకి బిగించాలి. సగం వల మోచేతి మీద వేసుకోవాలి. సీసపు గుళ్ళున్న అంచుని ఒకచోట పళ్ళతో కరిచి పట్టాలి. మిగిలింది కుడిచేత్తో పట్టుకుని, పడవ ముందు చివర నిలబడి, నడుం మొత్తం తిప్పి ఒక్క విసురులో వదలాలి. అప్పుడది గాలిలో గొడుగులా విచ్చుకుని పడాలి. విచ్చుకోకపోతే తడిబట్టల మూటలా బుడుంగున మునుగుతుంది, చేపలు పక్కనుంచి చక్కగా పోతాయి. అరవై ఆరేళ్ళు వచ్చినా తాత చేతిలోంచి మూట పడిన రోజు లేదు. ఆ వల కూడా ఆయనే అల్లుకున్నాడు, ఒక వానాకాలమంతా అరుగు మీద కూర్చుని.

మొన్న వేసవిలో ఒక పొద్దున, నడుం తిప్పిన తాత తిప్పిన వైపే ఉండిపోయాడు. వల నీళ్ళలో, తాత పడవలో వంకరగా. పక్క పడవలో ఉన్న చిట్టియ్య వచ్చి ఒడ్డుకి చేర్చాడు. చిట్టియ్య నానమ్మకి తమ్ముడు, అంటే తాతకి బావమరిది. ఎగతాళి చేసే హక్కు ఆయనకి అక్క పెళ్ళినాడే వచ్చేసింది.

"కదలకు బావా. ఇలాగే రేవులో ఆరేస్తే ఎండుచేపల్లో కలిసిపోతావు" అన్నాడు మోసుకొస్తూ.

ఎముకేమీ విరగలేదు, కండరాలు బిగుసుకుపోయాయి, మెల్లగా వంగడం అలవాటు చెయ్యాలి అన్నాడు డాక్టరు. బడి వరండాలో రోజూ పొద్దున్నే యోగా నేర్పుతున్నారు, వెళ్ళమన్నాడు. తాత వెళ్ళలేదు. నెలరోజులు గోడ పట్టుకుని లేచాడు, గోడ పట్టుకుని కూర్చున్నాడు. మధ్యలో ఖాళీ దొరికినప్పుడల్లా కనబడ్డవాళ్ళని తిట్టాడు.

అప్పుడు చిట్టియ్య వచ్చి వల అడిగాడు.

"మూలన పడేస్తే ఎలకలు కొరికేస్తాయి బావా. నాకిచ్చెయ్యి. నీ పేరు చెప్పుకుని ఏస్తాను."

"నా పేరు చెప్పుకోడానికి నేనేమన్నా పోయాననుకున్నావేంట్రా?"

"పోలేదులే. లెగలేకపోతున్నావంతే."

కొడుకు సురేష్‌బాబు కూడా అటే మొగ్గాడు. "ఇచ్చెయ్ నాన్నా. ఇంక నువ్వు ఏట్లోకి దిగేదేముంది?"

నడుం నొప్పి కన్నా ఆ మాట ఎక్కువ తగిలింది తాతకి. "వరద తియ్యనియ్. నీళ్ళు తేటపడ్డాక రేవులో అందరి ముందూ ఏస్తా. గుండ్రంగా పడితే వల నాది. పడకపోతే అక్కడికక్కడే భుజానేసుకుని పో" అనేశాడు.

అనడమైతే అన్నాడు. చేతిలో ఉన్నవి వరద నెలలు మాత్రమే. మర్నాడు ఐదున్నరకల్లా తాటాకు చాప చంకన పెట్టుకుని బడి వరండాలో ఉన్నాడు.

అక్కడ పదకొండుమంది ఆడవాళ్ళు, ఒక్క తాత. నేర్పేది సూర్యకళ మేడమ్. మొదటి వారం తాత ఆసనాలు నేర్చుకున్నదాని కన్నా వాటికి వంకలు పెట్టిందే ఎక్కువ.

"దీన్ని మత్స్యాసనం అంటారు బాబాయ్ గారూ. చేపన్నమాట."

"ఏ చేపండీ? నేను చూసినవాటిలో ఇలా పడుకున్నది చచ్చాక పడుకున్నదేనండి."

ఇక శవాసనం అనగానే లేచి కూర్చున్నాడు. "అదొద్దండి. ఇంట్లో మా ఆడమనిషి హడిలిపోద్ది." మేడమ్ నచ్చజెప్పి పడుకోబెడితే, రెండు నిమిషాల్లో ఆ శవం గురక పెట్టింది. మిగతా పదకొండుమందికీ శవాల్లా పడుకునే అవకాశమే లేకపోయింది.

అసలు తప్పు ప్రాణాయామం దగ్గర జరిగింది. ఏటి మీద బతికేవాళ్ళకి ఊపిరి బిగబట్టడమంటే మహా గొప్ప. వల రాతికి తగులుకుంటే మునిగి విడిపించాలి. ఎవడు ఎక్కువసేపు నీళ్ళలోపల ఉంటే వాడే మొనగాడు. కుర్రతనంలో తాత మునిగితే ఒడ్డున ఉన్నవాళ్ళు ఏడుపు మొదలుపెట్టాకే తేలేవాడట. అలాంటి మనిషితో మేడమ్, "గాలి పీల్చి నాలుగంకెలు ఆపి, మెల్లగా వదలండి" అంది. అందరూ వదిలారు. తాత వదల్లేదు. ఎవరైనా చూస్తున్నారా అని ఒక కన్ను తెరిచి మరీ బిగబట్టాడు. మొహం వంకాయ రంగుకి తిరిగింది.

"వదలండి బాబాయ్ గారూ!"

చెయ్యి అడ్డంగా ఊపాడు. ఇంకాసేపటికి పక్కకి ఒరిగి సుబ్బాయమ్మ గారి చాప మీద పడ్డాడు. "ఓరి నాయనో, పోయాడమ్మోయ్!" అని ఆవిడ గోల. నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచి తాత అడిగిన మొదటి మాట, "ఎన్నంకెలు వచ్చాయండీ?"

మేడమ్ నవ్వలేదు. "ఇక్కడ నీళ్ళేమన్నా ఉన్నాయా, మునిగిపోతారా? ఎందుకలా ఆపారు?" అంది. తర్వాత ఏదో అనుమానం వచ్చి, "వల వేసేటప్పుడు కూడా ఇలాగే బిగబడతారా?" అని అడిగింది.

"మరి? బిగబట్టకపోతే బలమెక్కడ్నుంచి వస్తాదండి?"

"ఏదీ, ఈ తువ్వాలుతో చూపించండి."

తాత తువ్వాలు కొస కరిచిపట్టి చూపించాడు. దవడ, మెడ, పొట్ట, నడుం అన్నీ ఒకేసారి కొయ్యబారాయి.

"ఇంత బిగించి తిప్పితే నడుం పట్టెయ్యక ఏం చేస్తుంది? తిప్పుతూ గాలి వదలండి."

"నోట్లో వలుంటే గాలెలా వదులుతానండీ?"

"ముక్కుంది కదా బాబాయ్ గారూ."

ఆ ముక్కు మీద కోపం తప్ప మరొకటి నిలవదని ఊరందరికీ తెలుసు. దానికి ఇంకో పని కూడా ఉందని తాతకి ఆవేళే తెలిసింది.

అప్పట్నుంచి ఒక్క రోజు మానలేదు. వానకి మేడమే రాని రోజున కూడా వరండాలో ఒక్కడే చేసి వచ్చాడు. వరద నీళ్ళు బడి దారి ముంచేసినప్పుడు వంటింటి గుమ్మంలో చాప పరిచాడు, నానమ్మ ఆయన్ని దాటుకుంటూ అన్నం వండింది. ముందుకి వంగితే మొదటి నెల చేతులు మోకాళ్ళ దాకా వచ్చాయి. రెండో నెల పిక్కల దాకా. కాలి బొటనవేలు ముట్టుకున్న రోజున, చిన్నప్పుడు తప్పిపోయిన చుట్టం దొరికినట్టు వీధంతా చెప్పుకొచ్చాడు. మందుల కొట్టు మాత్రలు ఆగిపోయాయి. రోజుకి నాలుగు చుట్టలు కాల్చేవాడు ఒకటికి దిగాడు. పడుకోగానే నిద్ర పట్టేది. అన్నిటికన్నా వింత, టీ కావాలంటే అరవకుండా అడగడం మొదలుపెట్టాడు.

"మా ఆయన్ని ఎవరో మార్చేశారమ్మా. పాతాయన ఎక్కడున్నాడో అక్కడే ఉండనివ్వండి, వెతకొద్దు" అని నానమ్మ ఇరుగుపొరుగుతో చెప్పింది.

వక్రాసనంలో నడుం రెండువైపులా తిరగడం మొదలయ్యాక, పెరట్లో తడిపిన దుప్పటితో వల విసురు సాధన చేశాడు. తిప్పుతూ ముక్కుతో వదలడం. యాభై ఏళ్ళ అలవాటు మరి, పదిసార్లలో ఆరుసార్లు మరిచిపోయేవాడు.

దసరా వెళ్ళింది. గోదారి ఎరుపు తగ్గి తేటపడింది. ఒక ఆదివారం పొద్దున రేవులో జనం చేరారు, ఈసారి నిజంగానే. తాత పడవ ముందు చివర నిలబడ్డాడు. వెనక సురేష్‌బాబు పడవ నడిపే గెడ పట్టుకున్నాడు. ఒడ్డున నానమ్మ, చిట్టియ్య, చాపలు ఇంట్లో పడేసి వచ్చిన యోగా ఆడవాళ్ళు.

అంతమందిని చూసేసరికి తాతకి పాత పొగరు తన్నుకొచ్చింది. గుండె నిండా గాలి పీల్చాడు, బిగబట్టాడు, విసిరాడు.

మూట. బుడుంగు.

చిట్టియ్య మోకాలి లోతు నీళ్ళలోకి దిగి చెయ్యి చాపాడు. "ఇంకేముంది బావా. తాడిలా ఇయ్యి."

తాత చేతితాడు ముడి విప్పబోయాడు. ఆయన మాట తప్పే మనిషి కాదు. అప్పుడు ఒడ్డు మీంచి నానమ్మ గొంతు పడింది.

"ఒరే చిట్టియ్యా! చాన్నాళ్ళకి ఏట్లోకి దిగినోడి మొదటి వల ఎవరిదిరా?"

చిట్టియ్య చెయ్యి ఆగింది. మొదటి విసురు ఏటి తల్లికి వదిలెయ్యాలి, అది లెక్కలోకి రాదన్నది రేవులో పాత కట్టుబాటు. "గంగమ్మదే అక్కా" అన్నాడు, పళ్ళు నూరుకుంటూ.

"గంగమ్మ వల నువ్వు తీసుకుంటావేంట్రా? రెండోదెయ్యనీ."

తాత వల పైకి లాక్కుని మోచేతి మీద సర్దుకున్నాడు. కానీ వెంటనే నిలబడలేదు. పడవలో చతికిలబడి కళ్ళు మూసుకున్నాడు. గాలి పీల్చడం, వదలడం. పీల్చడం, వదలడం. రేవులో జనం కాళ్ళు మార్చుకుంటున్నారు. "నిద్రపోయాడేమో చూడరా సురేషూ" అని ఎవరో అరిచారు. తాతకి వినబడింది. కోపం ముక్కు దాకా వచ్చింది కూడా. దాన్ని కూడా గాలితోపాటే బయటికి వదిలేశాడు.

లేచాడు. అంచు కరిచిపట్టాడు. నడుం తిప్పుతుంటే ముక్కులోంచి సుయ్‌మని చప్పుడు ఒడ్డు దాకా వినిపించింది. పళ్ళు వదిలాయి, చేతులు వదిలాయి. వల గాలిలో విచ్చుకుని, ఒక్క క్షణం అలాగే నిలబడింది. గుళ్ళన్నీ ఒకేసారి నీళ్ళని తాకాయి. గంగాళం బోర్లించినంత గుండ్రంగా పడింది.

లాగితే పడ్డవి గుప్పెడు పరిగె చేపలు, రెండు జెల్లలు, ఎవరిదో ఒంటి చెప్పు. తాత వాటి వంక చూడలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు. నడుం ఎక్కడుండాలో అక్కడే ఉంది.

చిట్టియ్య నీళ్ళలోంచి ఒడ్డెక్కుతూ, "నీ వల నీదే బావా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ ముక్కు సంగతేదో నాక్కూడా చెప్పు. కుడి భుజం పైకి లెగట్లేదు" అన్నాడు.

"ఐదున్నరకి వచ్చెయ్. సుబ్బాయమ్మ గారి పక్కన మాత్రం కూర్చోకు, గోల చేస్తాది."

సురేష్‌బాబు పడవ కట్టేసి, తడి వల మోయడానికి చెయ్యి చాపాడు. తాత ఇవ్వలేదు. నీళ్ళు కారుతున్న వలని తన భుజాన వేసుకుని, రేవు మెట్లు ఎక్కడా ఆగకుండా, ఒక్కో మెట్టుకీ గాలి వదులుతూ ఎక్కాడు.